పాజిటివ్ ఫంక్షన్‌ని ఇంటిగ్రేట్ చేస్తే −2 వచ్చింది, తప్పెక్కడ?

బ్యాక్‌లాగ్_బాబు
ఎం-1 (ఇంజనీరింగ్ మ్యాథ్స్-1) అసైన్‌మెంట్‌లో ఒక డెఫినిట్ ఇంటిగ్రల్. ఫంక్షన్ 1/ఎక్స్², లోయర్ లిమిట్ −1, అప్పర్ లిమిట్ 1. ఇంటర్ మ్యాథ్స్ 2బిలో చేసినట్టే చేశా. ఇంటిగ్రేట్ చేస్తే −1/ఎక్స్. 1 పెడితే −1, −1 పెడితే +1. ఇందులోంచి అది తీసేస్తే −2. మూడుసార్లు చూసుకున్నా, లెక్క తప్పలేదు. కానీ 1/ఎక్స్² ఎక్కడా నెగెటివ్ కాదు, గ్రాఫ్ మొత్తం ఎక్స్ యాక్సిస్‌కి పైనే ఉంటుంది. మరి ఏరియా మైనస్‌లో ఎలా వస్తుంది? పేపర్ మీద "నాట్ అప్లికబుల్" అని గీకి సున్నా పెట్టారు. ఏది అప్లికబుల్ కాదో ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది?

గోదారిగట్టు
మధ్యలో సున్నా ఉంది చూడు.

బ్యాక్‌లాగ్_బాబు
నా లిమిట్స్ −1, 1. సున్నాని నేనెక్కడా పెట్టలేదు.

గోదారిగట్టు
రాజమండ్రి నుంచి కొవ్వూరుకి టికెట్ తీసుకుంటే దాని మీద గోదారి పేరుండదు. అయినా దాటాలి. వంతెన ఉందో లేదో చూసుకోకుండా బయల్దేరావు.

స్లేటు_బలపం
గోదారిగట్టు చెప్పింది నిజమే, కొంచెం విప్పి చెప్తా.

అప్పర్ పెట్టి, లోయర్ పెట్టి తీసెయ్యడం డెఫినిట్ ఇంటిగ్రల్‌కి డెఫినిషన్ కాదు. ఇంటర్‌లో వందల లెక్కలు అలా చేసి అదే డెఫినిషన్ అనుకుంటారు. అసలు డెఫినిషన్ ఏంటంటే, ఇంటర్వల్‌ని సన్నగా ముక్కలు కొయ్యాలి, ఒక్కో ముక్క వెడల్పుని అక్కడి ఎత్తుతో గుణించాలి, అన్నీ కూడాలి, ముక్కలు ఇంకా ఇంకా సన్నమవుతుంటే ఆ కూడిక ఏ నంబర్‌కి చేరుతోందో చూడాలి. 1675లో లైబ్నిజ్ ఆ గుర్తు కోసం పొడుగాటి ఎస్ గీసింది కూడా కూడిక అన్న అర్థంలోనే.

అప్పర్ మైనస్ లోయర్ అనేది ఫండమెంటల్ థియరమ్ ఇచ్చిన అడ్డదారి. దానికో షరతు ఉంది: లోయర్ నుంచి అప్పర్ దాకా ఫంక్షన్ కంటిన్యువస్‌గా, అంటే ఎక్కడా తెగకుండా ఉండాలి. నీ ఫంక్షన్ సున్నా దగ్గర కంటిన్యువస్ కాదు సరికదా, హద్దూ అదుపూ లేకుండా పైకి పోతుంది. షరతు పోతే థియరమ్ పూచీ పడదు. నాట్ అప్లికబుల్ అన్నది అదే. నీ −2కి ఆ ఏరియాతో చుట్టరికం కూడా లేదు.

చెయ్యాల్సిన పద్ధతి ఇది. సున్నా దగ్గర ఇంటర్వల్‌ని రెండుగా విడగొట్టు. కుడి ముక్కలో సున్నా బదులు హెచ్ అనే చిన్న పాజిటివ్ నంబర్ దగ్గర మొదలుపెట్టు. హెచ్ నుంచి 1 దాకా ఏ గొడవా లేదు, −1/ఎక్స్ దర్జాగా వాడొచ్చు. వచ్చేది (1/హెచ్) − 1. హెచ్ 0.1 అయితే 9. 0.01 అయితే 99. 0.001 అయితే 999. ఆగే రకం కాదు, దీన్నే డైవర్జ్ అవ్వడం అంటారు. ఒక ముక్క డైవర్జ్ అయితే మొత్తం డైవర్జ్ అయినట్టే, ఎడమ ముక్క జోలికి పోనక్కర్లేదు. ఆఖర్లో "ఇంటిగ్రల్ డైవర్జెస్" అని రాసి ఆపాలి. "ఆన్సర్ = ఇన్ఫినిటీ" అని రాస్తే కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. డైవర్జెస్ అంటే ఎవరూ కాదనరు.

చుక్కల_చీర
ఇంకోటి. 1/ఎక్స్² ఈవెన్ ఫంక్షన్, సున్నాకి ఎడమా కుడీ ఒకేలా ఉంటుంది. 2బిలో ఉన్న ప్రాపర్టీ వాడి 2 ఇంటూ "0 నుంచి 1" అని రాసి ఉంటే లోయర్ లిమిట్‌లో సున్నా పెట్టగానే దొరికిపోయేది. −1 నుంచి 1 దాకా ఒక్క దూకులో పోవడం వల్ల గుంత కనబడలేదు.

మాస్_లెక్కలు
సింపుల్‌గా రూల్ రాసుకో బ్రో: మధ్యలో గానీ చివర్లో గానీ డినామినేటర్ సున్నా అయితే డైవర్జ్. క్లోజ్.

ఎప్సిలాన్_బాబాయ్
ఆ రూల్ రాసుకుంటే వచ్చే సెమ్‌లో కూడా ఈ పేపరే రాయాలి.

1/√ఎక్స్ తీసుకోండి, 0 నుంచి 1. సున్నా దగ్గర డినామినేటర్ సున్నాయే, ఫంక్షన్ ఇన్ఫినిటీకే పోతుంది. హెచ్ నుంచి 1 దాకా చేస్తే 2 − 2√హెచ్. హెచ్ 0.01 అయితే 1.8. హెచ్ 0.0001 అయితే 1.98. బుద్ధిగా 2 దగ్గర కూర్చుంటుంది, అంటే కన్వర్జ్ అవుతుంది. ఎత్తు ఇన్ఫినిటీకి పోయినా ఏరియా 2.

సున్నా దగ్గర 1/ఎక్స్ పవర్ పి అయితే, పి 1 కంటే తక్కువ ఉంటే కన్వర్జ్, 1 గానీ ఎక్కువ గానీ అయితే డైవర్జ్. ఎక్స్ ఇన్ఫినిటీకి పోయే ఇంటిగ్రల్స్‌లో, అంటే 1 నుంచి ఇన్ఫినిటీ దాకా, సరిగ్గా తలకిందులు: పి 1 కంటే ఎక్కువ ఉంటేనే కన్వర్జ్. ఈ రెండూ కలిపేసుకుని పోగొట్టుకునే మార్కులే ఎక్కువ. పాపం 1/ఎక్స్‌కి రెండు చోట్లా చోటు లేదు.

మాస్_లెక్కలు
సరే బాబాయ్, తగ్గా. కానీ మధ్యలో సున్నా వస్తే అప్పర్ మైనస్ లోయర్ పనిచెయ్యదు అన్నదైనా కరెక్టే కదా?

ఎప్సిలాన్_బాబాయ్
అదీ పూర్తిగా కాదు :) ఎక్స్ పవర్ −2/3 ని −1 నుంచి 1 దాకా చెయ్యి. ఇంటిగ్రేట్ చేస్తే 3 ఇంటూ క్యూబ్‌రూట్ ఎక్స్. గుడ్డిగా పెట్టు: 3 − (−3) = 6. ఇప్పుడు సున్నా దగ్గర విడగొట్టి పద్ధతిగా చెయ్యి: 3, 3, మొత్తం 6. రెండూ ఒకటే.

ఎందుకంటే ఇక్కడ యాంటీడెరివేటివ్, అంటే ఇంటిగ్రేట్ చేస్తే వచ్చేది, క్యూబ్‌రూట్. సున్నా దగ్గర అది తెగలేదు, నిటారుగా నిలబడినా అతుక్కునే ఉంది. నీ −1/ఎక్స్ మాత్రం సున్నా దగ్గర రెండు ముక్కలు. గోదారిగట్టు భాషలో వంతెన అంటే ఫంక్షన్ కాదు, యాంటీడెరివేటివ్. చూడాల్సింది దాన్ని.

గోదారిగట్టు
నా భాషకి ఇంత లోతుందని నాకే తెలీదు.

తెలుగు_మీడియం
తెలుగు అకాడమీ పుస్తకంలో కంటిన్యువస్‌కి "అవిచ్ఛిన్నం" అన్న మాట ఎంత బాగుందో ఇప్పుడు తెలుస్తోంది. విచ్ఛిన్నం కాలేదు, తెగలేదు, అంతే. కంటిన్యువస్ అంటే ఆ బొమ్మ కళ్ళ ముందుకి రాదు.

సున్నా_చుట్టినవాడు
మరి 1/ఎక్స్ ని −1 నుంచి 1 దాకా చేస్తే? ఆడ్ ఫంక్షన్. ఎడమ పక్క ఎంత మైనసో కుడి పక్క అంత ప్లస్. ఆన్సర్ సున్నా. ఇందులో వంతెన గొడవ ఎందుకు, సిమెట్రీ చాలు.

స్లేటు_బలపం
చాలదు. ఆడ్ ఫంక్షన్ ప్రాపర్టీ కూడా ఇంటిగ్రల్ అసలంటూ ఉన్నప్పుడే. ఇక్కడ లేదు.

సున్నా_చుట్టినవాడు
ఇన్ఫినిటీ మైనస్ ఇన్ఫినిటీ కొట్టుకుపోతుంది కదా, రెండూ ఒకే సైజు.

స్లేటు_బలపం
కొట్టుకుపోతుందో లేదో కత్తి ఎక్కడ పెట్టావన్న దాన్ని బట్టి ఉంటుంది. ఎడమ పక్క −హెచ్ దగ్గర ఆగు: ఏరియా లాగ్ హెచ్. కుడి పక్క హెచ్ దగ్గర మొదలుపెట్టు: −లాగ్ హెచ్. కూడితే సున్నా, నువ్వన్నదే. ఇప్పుడు కుడి పక్క మాత్రం 2హెచ్ దగ్గర మొదలుపెట్టు: −లాగ్ 2హెచ్. కూడితే −లాగ్ 2, అంటే సుమారు −0.693. హెచ్ ఎంత చిన్నదైనా అదే −0.693. రెండు కోతలూ సున్నా దగ్గరికే పోతున్నాయి, ఆన్సర్లు వేరు. కత్తి పెట్టే చోటుని బట్టి మారే దాన్ని ఇంటిగ్రల్ విలువ అనం.

నువ్వు చెప్పే సున్నాకి వేరే పేరుంది, కాషీ ప్రిన్సిపల్ వాల్యూ. రెండు పక్కలా సమానంగా కోస్తేనే అది. తర్వాత కాంప్లెక్స్ వేరియబుల్స్‌లో పనికొస్తుంది. ఎం-1 పేపర్‌లో "ఇవాల్యుయేట్" అని అడిగితే డైవర్జెస్ అనే రాయాలి.

సున్నా_చుట్టినవాడు
ఓకే, 0.693 చూశాక నోరు మూశా.

డీవైబైడీఎక్స్
ఇంటిగ్రేట్ చేసే ఫంక్షన్‌లో సున్నా, ఇన్ఫినిటీ ఏవీ లేకపోయినా ఇదే తప్పు జరుగుతుంది, అది ఇంకా ప్రమాదం. 1/(1 + కాస్²ఎక్స్), 0 నుంచి పై (π) దాకా. ఫంక్షన్ చాలా మంచిది, 1/2కీ 1కీ మధ్యే తిరుగుతుంది. ఇంటర్ పద్ధతి: పైనా కిందా సెక్²ఎక్స్ పెట్టి గుణించు. టాన్ ఎక్స్ = టి అనుకో. డీటి/(టి² + 2) అవుతుంది. లిమిట్స్ మార్చు: టాన్ 0 = 0, టాన్ పై = 0. సున్నా నుంచి సున్నా. ఆన్సర్ సున్నా!

మాస్_లెక్కలు
ఇది నిజంగానే సున్నా అనుకుంటున్నా, లిమిట్స్ మార్చడం గుర్తుపెట్టుకున్నందుకు సంతోషిస్తూ.

డీవైబైడీఎక్స్
ఫంక్షన్ ఎక్కడా 1/2 కంటే తగ్గదు. వెడల్పు పై. కాబట్టి ఆన్సర్ కనీసం పై/2, అంటే 1.57. ఎక్కువలో ఎక్కువ పై, 3.14. సున్నా ఎలా అవుతుంది? ఈ అంచనా వెయ్యడానికి పది సెకన్లు పట్టదు, లెక్క మొదలుపెట్టే ముందే మార్జిన్‌లో రాసుకోవాలి.

తప్పు ఎక్కడంటే టి = టాన్ ఎక్స్ అన్న చోట. ఎక్స్ 0 నుంచి పై దాకా పోతుంటే మధ్యలో పై/2 దగ్గర టాన్ ప్లస్ ఇన్ఫినిటీకి ఎగిరి మైనస్ ఇన్ఫినిటీలో తేలుతుంది. ఫంక్షన్ మంచిదే, సబ్‌స్టిట్యూషన్ తెగింది. పై/2 దగ్గర విడగొట్టు. రెండు ముక్కలూ సమానమే కాబట్టి 2 ఇంటూ "0 నుంచి పై/2". టి 0 నుంచి ఇన్ఫినిటీ దాకా. ఒక్కో ముక్క పై/(2√2), మొత్తం పై/√2, సుమారు 2.22. అంచనాలో పడింది.

చుక్కల_చీర
దీన్ని ట్రెపిజాయిడల్ రూల్‌తో సరిచూసుకోవచ్చు. నాలుగు స్ట్రిప్స్ చాలు, ఒక్కోటి పై/4 వెడల్పు. ఎత్తులు 0.5, 0.667, 1, 0.667, 0.5. చివరి రెండూ సగం చేసి అన్నీ కూడితే 2.833. ఇంటూ 0.7854 అంటే 2.225. చేత్తో చేసినదానికి ఇంతకంటే దగ్గరగా ఏం కావాలి.

బ్యాక్‌లాగ్_బాబు
క్యాలిక్యులేటర్‌లో ఇవే పాయింట్లు కొట్టా, నాకు 1.57 వస్తోంది. ఎత్తులన్నీ 0.5 చూపిస్తోంది.

చుక్కల_చీర
డిగ్రీ మోడ్.

బ్యాక్‌లాగ్_బాబు
అవును.

చుక్కల_చీర
0.785 డిగ్రీలకి కాస్ దాదాపు 1 కదా, అందుకే అన్ని ఎత్తులూ సగం. కాలిక్యులస్ మొదలయ్యాక క్యాలిక్యులేటర్‌ని రేడియన్‌లోంచి కదపకు. సైన్ డెరివేటివ్ కాస్ అవ్వడమే రేడియన్ల పుణ్యం. డిగ్రీల్లో అయితే పై/180 తగులుకుంటుంది, 0.01745.

గోదారిగట్టు
1.57 అంటే కింది అంచనాకి సరిగ్గా వచ్చి ఆగింది, అదృష్టవంతుడు.

పెన్ను_పేపర్
ఇదే జాతికి చెందినది ఇంకోటి, చిన్నది. √(1 + కాస్ 2ఎక్స్), 0 నుంచి పై. లోపల 2కాస్²ఎక్స్. రూట్ తీసి √2 కాస్ ఎక్స్ అని రాసేస్తారు, ఇంటిగ్రేట్ చేస్తే సున్నా. రూట్ ఎప్పుడూ నెగెటివ్ కాదు, కాబట్టి √2 ఇంటూ మాడ్ కాస్ ఎక్స్. పై/2 దగ్గర విడగొడితే 2√2. మాడ్ గుర్తు రెండు నిలువు గీతలే, ఖరీదు మాత్రం మొత్తం ఆన్సర్.

బ్యాక్‌లాగ్_బాబు
అంటే ఇంటర్‌లో అన్నీ తప్పు నేర్పారా?

తెలుగు_మీడియం
తప్పు నేర్పలేదు. షరతు తప్పకుండా నెరవేరే లెక్కలే ఏరి ఇచ్చారు. పుస్తకంలో సిద్ధాంతం పైన ఒక వాక్యం ఉంటుంది, "ఎఫ్ అనే ప్రమేయం ఈ అంతరంలో అవిచ్ఛిన్నం అయితే" అని. ఆ వాక్యాన్ని దాటేసి కింద డబ్బాలో ఉన్న ఫార్ములాకి పోతారు అందరూ. యూనివర్సిటీలో ప్రశ్న ఆ వాక్యం మీదే వస్తుంది.

మాస్_లెక్కలు
అయినా సున్నా మార్కులు అన్యాయం. −1/ఎక్స్ కరెక్టే కదా, దానికి ఒకటన్నా వెయ్యాలి.

స్లేటు_బలపం
ఒప్పుకోను. ఆ లెక్కలో పరీక్షించేది ఇంటిగ్రేషన్ ఫార్ములా కాదు, సున్నా చూశావా లేదా అని. అది చూడకపోతే ఇంకేం మిగిలింది.

పెన్ను_పేపర్
నేను మాస్ వైపు. ఒకటి వేసి "సున్నా దగ్గర చూడు" అని రాస్తే పిల్లాడు ఇక్కడికి వచ్చేవాడే కాదు.

గోదారిగట్టు
అప్పుడు మనకి ఈ కాలక్షేపం ఉండేది కాదు.

బ్యాక్‌లాగ్_బాబు
ఇప్పుడొకటి అర్థమవుతోంది. పాత పేపర్లలో "వెరిఫై రోల్స్ థియరమ్ ఫర్ టాన్ ఎక్స్ ఇన్ 0, పై" అని ఉంది. చివర్ల విలువలు సమానమైతే మధ్యలో సి అనే ఏదో ఒక చోట డెరివేటివ్ సున్నా అవ్వాలి అనే థియరమ్ కదా. టాన్ 0 = టాన్ పై = 0, కాబట్టి సెక్²సి = 0 చేసి సి కనుక్కోబోయా, రాలేదు. ఇదీ పై/2 గొడవేనా?

డీవైబైడీఎక్స్
అదే. వెరిఫై అన్నారని థియరమ్ పనిచేసి తీరాలని లేదు. రోల్‌కి మూడు షరతులు: క్లోజ్డ్ ఇంటర్వల్‌లో కంటిన్యువస్, ఓపెన్ ఇంటర్వల్‌లో డిఫరెన్షియబుల్, చివర్ల విలువలు సమానం. నువ్వు మూడోది మాత్రమే చూశావు. సెక్² ఎప్పుడూ 1 కంటే తగ్గదు, సున్నా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆన్సర్ రెండు లైన్లే: పై/2 దగ్గర కంటిన్యువస్ కాదు, కాబట్టి థియరమ్ వర్తించదు.

తోడుగా ఎక్స్ పవర్ 2/3 ని −1, 1 మధ్య చూసుకో. అది కంటిన్యువసే, చివర్లూ సమానమే, రెండో షరతు దగ్గర పోతుంది. సున్నా దగ్గర మొనలా ఉంటుంది, డెరివేటివ్ లేదు.

ఎప్సిలాన్_బాబాయ్
లాపితాల్ రూల్‌దీ (0/0 గానీ ఇన్ఫినిటీ బై ఇన్ఫినిటీ గానీ వస్తే పైనా కిందా విడిగా డిఫరెన్షియేట్ చేసి లిమిట్ చూడమనేది) ఇదే కథ. ఎక్స్ ఇన్ఫినిటీకి పోతుంటే (ఎక్స్ + సైన్ ఎక్స్)/ఎక్స్. ఇన్ఫినిటీ బై ఇన్ఫినిటీ అని డిఫరెన్షియేట్ చేస్తే 1 + కాస్ ఎక్స్, అది ఊగుతూనే ఉంటుంది, లిమిట్ లేదు. అసలు లిమిట్ మాత్రం 1, విడదీసి చూస్తే తెలిసిపోతుంది. డెరివేటివ్‌ల లిమిట్ ఉంటేనే ఆ రూల్ మాట్లాడుతుంది. లేకపోతే "లిమిట్ లేదు" అని కూడా చెప్పదు, మౌనంగా ఉంటుంది.

మాస్_లెక్కలు
లాపితాల్ స్పెల్లింగ్ చూసి మేం ఎల్ హాస్పిటల్ అంటాం, అక్కడికి తీసుకెళ్ళే ముందు రోగముందో లేదో చూడమంటారు. ఎక్స్ సున్నాకి పోతుంటే కాస్ ఎక్స్ బై ఎక్స్ లాంటి ఆరోగ్యవంతుణ్ణి కూడా అడ్మిట్ చేసేస్తున్నాం. 0/0 కాదు, 1/0 అది.

సున్నా_చుట్టినవాడు
సరదాకి ఒకటి. 1/ఎక్స్ ని బై పార్ట్స్ చెయ్యండి, యు = 1/ఎక్స్, రెండోది 1. వచ్చేది 1 + ఇంటిగ్రల్ 1/ఎక్స్. రెండు పక్కలా కొట్టేస్తే 0 = 1. గణితం పడిపోయింది, సెలవులు ప్రకటించండి.

పెన్ను_పేపర్
రెండు పక్కలా సి వేరు. ప్లస్ సి రాయని పాపం. లిమిట్స్ వేస్తే ఆ 1 కాస్తా 1 − 1 అయి సున్నా అవుతుంది, సెలవు రద్దు. కీతో ఆన్సర్ కలవట్లేదని అరిచే ముందు కూడా ఇది చూసుకోవాలి: సైన్ ఇంటూ కాస్ ఇంటిగ్రేట్ చేస్తే ఒకరికి సైన్²/2, ఒకరికి −కాస్²/2, ఇంకొకరికి −కాస్ 2ఎక్స్/4. ముగ్గురూ కరెక్టే.

చుక్కల_చీర
ఎం-1లోనే తర్వాత బీటా, గామా ఫంక్షన్లు వస్తాయి. బీటా అంటే ఎక్స్ పవర్ (ఎమ్ − 1) ఇంటూ (1 − ఎక్స్) పవర్ (ఎన్ − 1) ని 0 నుంచి 1 దాకా, గామా (ఎన్) అంటే ఎక్స్ పవర్ (ఎన్ − 1) ఇంటూ ఈ పవర్ −ఎక్స్ ని 0 నుంచి ఇన్ఫినిటీ దాకా ఇంటిగ్రేట్ చెయ్యడం. బీటా దగ్గర "ఎమ్, ఎన్ పాజిటివ్" అని ఒక షరతు ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. అది బాబాయ్ చెప్పిన పి రూలే. సున్నా దగ్గర ఎక్స్ పవర్ (ఎమ్ − 1), అంటే పి = 1 − ఎమ్. పి 1 కంటే తక్కువ అంటే ఎమ్ సున్నా కంటే ఎక్కువ. ఎమ్, ఎన్ రెండూ 1/2 అయితే రెండు చివర్లా ఫంక్షన్ ఇన్ఫినిటీకి పోతుంది, అయినా విలువ పై.

బ్యాక్‌లాగ్_బాబు
మరి నోట్స్‌లో గామా (−1/2) = −2√పై అని ఉందే? ఎక్స్ పవర్ −3/2 ఇంటూ ఈ పవర్ −ఎక్స్ అంతా పాజిటివే కదా. మళ్ళీ మైనస్!

ఎప్సిలాన్_బాబాయ్
భలే పట్టావు. −3/2 అంటే పి = 3/2, సున్నా దగ్గర డైవర్జ్. అంటే ఆ ఇంటిగ్రల్ లేనే లేదు. −2√పై ఇంటిగ్రల్ నుంచి రాలేదు, గామా (ఎన్ + 1) = ఎన్ ఇంటూ గామా (ఎన్) అన్న సూత్రాన్ని వెనక్కి నడిపించి తెచ్చుకున్నది. ఎన్ = −1/2 పెడితే గామా (1/2), అంటే √పై = (−1/2) ఇంటూ గామా (−1/2). నెగెటివ్‌ల దగ్గర గామాకి అదే డెఫినిషన్. దాన్ని ఏరియా అనుకోకు.

బ్యాక్‌లాగ్_బాబు
నేనే ఒకటి తయారుచేసుకుని చేశా, చూడండి. 1/(ఎక్స్ − 1) పవర్ 2/3, 0 నుంచి 3. పి = 2/3, కన్వర్జ్. యాంటీడెరివేటివ్ 3 ఇంటూ క్యూబ్‌రూట్ (ఎక్స్ − 1), తెగలేదు. 3 ఇంటూ (క్యూబ్‌రూట్ 2 + 1), సుమారు 6.78.

స్లేటు_బలపం
ఆన్సర్ కరెక్ట్. 1 దగ్గర విడగొట్టిన స్టెప్ ఏది? దిద్దేవాళ్ళకి నువ్వు వంతెన చూశావని ఎలా తెలుస్తుంది?

బ్యాక్‌లాగ్_బాబు
0 నుంచి 1 − హెచ్: 3 − 3 క్యూబ్‌రూట్ హెచ్, హెచ్ సున్నాకి పోతే 3.
1 + హెచ్ నుంచి 3: 3 క్యూబ్‌రూట్ 2 − 3 క్యూబ్‌రూట్ హెచ్, అంటే 3.78.
మొత్తం 6.78.

గోదారిగట్టు
కొవ్వూరు వచ్చింది, దిగు.